ఇన్‌టేక్ మానిఫోల్డ్ మార్పులు: గాలి దారిని ఎక్కడ సవరించాలి, ఎక్కడ వదిలేయాలి

1960లో అమెరికాలో క్రైస్లర్ సంస్థ 300ఎఫ్ అనే కారును 413 ఘనపు అంగుళాల, అంటే సుమారు 6.8 లీటర్ల, వీ8 ఇంజిన్‌తో విడుదల చేసింది. బానెట్ ఎత్తి చూసినవారి కంట ముందుగా పడేవి ఇంజిన్ మీదుగా అడ్డంగా సాగి రెండు పక్కలకూ చాచుకున్న పొడవాటి పోత గొట్టాలు; సిలిండర్లకు గాలిని పంచే ఈ గొట్టాల అమరికనే ఇన్‌టేక్ మానిఫోల్డ్ అంటారు. ఎడమ పక్క ఉన్న కార్బురేటర్ కుడి వరుస సిలిండర్లకు, కుడి పక్క ఉన్నది ఎడమ వరుసకు గాలి-పెట్రోల్ మిశ్రమాన్ని పంపేవి. ఈ తలకిందుల అమరికకు కారణం ఒక్కటే: గొట్టం పొడవు 30 అంగుళాలు రావాలి, అంత పొడవు ఇంజిన్‌కు ఒకే పక్కన సరిపోదు. ఈ ఇంజిన్ 5000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వద్ద 375 హార్స్‌పవర్, 2800 ఆర్‌పీఎం వద్ద 495 పౌండ్-అడుగుల టార్క్ (తిప్పే బలం) ఇచ్చేదని సంస్థ ప్రకటించింది.

అదే కారులో 400 హార్స్‌పవర్ రకం కూడా పరిమిత సంఖ్యలో వచ్చింది. దాని మానిఫోల్డ్ పైకి చూస్తే దాదాపు మొదటిదానిలాగే ఉంటుంది. తేడా లోపల ఉంది: పక్కపక్కన ఉన్న గొట్టాల మధ్య గోడను సగం దాకా తీసేయడంతో, పని చేసే పొడవు 15 అంగుళాలకు తగ్గింది. గరిష్ఠ శక్తి 5200 ఆర్‌పీఎంకు, గరిష్ఠ టార్క్ 3600 ఆర్‌పీఎంకు జరిగాయి. ఆ టార్క్ మాత్రం 465 పౌండ్-అడుగులకు పడిపోయింది. వాల్వ్‌లను తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్ వంటి ఇతర భాగాలు కూడా ఆ రకంలో వేరు కాబట్టి ఈ మార్పు మొత్తాన్నీ గొట్టం పొడవు ఖాతాలో వేయడం సరికాదు. అయినా దిశ స్పష్టమే. లోపలి గోడను కోసినందుకు పైన 25 హార్స్‌పవర్ వచ్చింది, కింద 30 పౌండ్-అడుగులు పోయింది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీద చేసే ప్రతి పనిలోనూ ఈ బేరం ఏదో ఒక రూపంలో ఉంటుంది. గాలి దారిని పెద్దది చేస్తే చాలు, శక్తి దానంతట అదే పెరుగుతుందన్న నమ్మకంతో గ్రైండర్ పట్టుకునేవారు ఈ బేరాన్ని గమనించరు.

పొడవుకు అంత ప్రభావం ఎందుకుందో అర్థం కావాలంటే, రన్నర్‌లో, అంటే ఒక్కో సిలిండర్‌కు గాలి తీసుకెళ్లే గొట్టంలో, గాలి ఎడతెగని ధారగా పారదన్న సంగతి ముందు గుర్తించాలి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒక్కసారే గాలి పీలుస్తుంది. మిగతా సమయమంతా వాల్వ్ మూసి ఉంటుంది. వాల్వ్ తెరుచుకుని పిస్టన్ దిగడం మొదలవగానే అక్కడ పీడనం పడిపోతుంది, ఆ తగ్గుదల ఒక అలగా మారి ధ్వని వేగంతో ప్లీనమ్ వైపు, అంటే రన్నర్లన్నీ మొదలయ్యే ఉమ్మడి గాలి గది వైపు, పరుగెడుతుంది. బావిలో వేసిన కేక తిరిగి వచ్చినట్టు ఆ అల కూడా వెనక్కి వస్తుంది. అయితే ఇక్కడ ఎదురుగా ఉన్నది గోడ కాదు, రన్నర్ తెరిచిన నోరు. అందువల్ల తగ్గుదలగా వెళ్లిన అల తిరిగి వచ్చేటప్పుడు పీడనం పెరుగుదలగా మారి వస్తుంది. ఈ పెరుగుదల వాల్వ్ మూసుకోబోయే ముందు వచ్చి చేరితే, పిస్టన్ అప్పటికే పైకి లేవడం మొదలుపెట్టినా, సిలిండర్‌లోకి ఇంకొంత గాలి కూరుకుపోతుంది. తప్పుడు సమయంలో తగ్గుదల వచ్చి చేరితే లోపలికి వచ్చిన గాలిలోనే కొంత వెనక్కి పోతుంది.

లెక్క వేసి చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. వాల్వ్ నుంచి ప్లీనమ్ దాకా 350 మిల్లీమీటర్ల దూరం, లోపలి గాలిలో ధ్వని వేగం సెకనుకు 350 మీటర్లు అనుకుంటే, అల వెళ్లి రావడానికి 2 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ లోపు క్రాంక్ షాఫ్ట్ 3000 ఆర్‌పీఎం వద్ద 36 డిగ్రీలు, 6000 వద్ద 72 డిగ్రీలు తిరుగుతుంది. వాల్వ్ తెరుచుకునే, మూసుకునే కోణాలు క్యామ్‌షాఫ్ట్ మీద స్థిరంగా ఉంటాయి, అల మాత్రం మిల్లీసెకన్ల లెక్కలో నడుస్తుంది. కనుక ఒక పొడవు ఒక ఆర్‌పీఎం పరిధిలోనే బాగా కలిసి వస్తుంది. అల ఒకసారి వచ్చి ఆగిపోదు, అటూ ఇటూ పలుమార్లు తిరుగుతూ ప్రతిసారీ కొంత బలం కోల్పోతుంది. ఏ రాకను వాడుకోవాలన్నది డిజైనర్ నిర్ణయం. తొలి రాకను వాడుకోవాలంటే సాధారణ కారుకు చోటు చాలనంత పొడవాటి గొట్టాలు కావలసి వస్తుంది, అందుకే చాలా ఇంజిన్లు తర్వాతి రాకలతో సరిపెట్టుకుంటాయి.

పొడవును ఒకచోట బిగించేయడం ఇష్టం లేని ఇంజినీర్లు దాన్ని కదిలేలా చేశారు. 1991లో లె మాన్ 24 గంటల పందెం గెలిచిన మాజ్దా 787బి కారులో నాలుగు రోటర్ల ఇంజిన్‌కు వేగాన్నిబట్టి జారుతూ పొడవు మార్చుకునే గొట్టాలుండేవి. 2001లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లో వచ్చిన ఎన్62 వీ8 ఇంజిన్ రన్నర్ పొడవును మెట్లు లేకుండా మార్చుకునేది. రోజువారీ కార్లలో ఇంత ఖరీదైన ఏర్పాటు అరుదు. ఒక ఫ్లాప్ తెరుచుకుని పొడవాటి దారి నుంచి పొట్టి దారికి గాలిని మళ్లించే రెండు దశల మానిఫోల్డ్‌తో పని కానిస్తారు. ఆ ఫ్లాపులు అడ్డమని తీసేసి, వాటి స్పిండిల్ రంధ్రాలు పూడ్చేయడం మార్పుల పేరిట జరిగే పనుల్లో ఒకటి. ఫ్లాప్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు దాని రేకు వల్ల కలిగే అడ్డు చాలా స్వల్పం. దాన్ని తీసేస్తే పోయేది కింది పరిధిలోని టార్క్, అంటే మన రోడ్ల మీద బండి నడిపేవారు పికప్ అని పిలుచుకునేది.

ఇక వ్యాసం సంగతి. 1197 సీసీల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 6000 ఆర్‌పీఎం వద్ద సిలిండర్లు పూర్తిగా నిండుతాయనుకుంటే అది సెకనుకు దాదాపు 60 లీటర్ల గాలి పీలుస్తుంది, ఒక్కో సిలిండర్ వాటా 15 లీటర్లు. కానీ ఆ 15 లీటర్లూ రెండు చుట్ల పని చక్రంలో సుమారు మూడో వంతు కాలంలోనే లోపలికి పోవాలి. రన్నర్ లోపలి వ్యాసం 32 మిల్లీమీటర్లయితే ఆ సమయంలో గాలి సగటు వేగం సెకనుకు 56 మీటర్ల దాకా ఉంటుంది. వ్యాసాన్ని 36 మిల్లీమీటర్లకు పెంచితే వేగం 44 మీటర్లకు పడిపోతుంది. ఘర్షణ నష్టం తగ్గుతుంది, నిజమే. దానితోపాటు గాలి కదలికలోని పీడనశక్తి, అంటే వేగం వర్గానికి అనుపాతంగా ఉండే భాగం, 38 శాతం తగ్గుతుంది. పిస్టన్ అడుగుకు చేరి మళ్లీ లేస్తున్నా గాలి తన ఊపుతో లోపలికి దూసుకురావడానికి ఆధారం ఆ ఊపే. 6000 ఆర్‌పీఎం వద్ద ఇంకా కొంత ఊపు మిగులుతుంది. 2500 వద్ద, ముందే నెమ్మదిగా ఉన్న గాలి మరీ బద్ధకిస్తుంది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో బండి రోజంతా తిరిగేది ఈ రెండో పరిధిలోనే.

కనుక గ్రైండర్ పట్టుకోవడానికి ముందు అడగవలసిన ప్రశ్న: ఈ ఇంజిన్‌లో పీడనం అసలు ఎక్కడ పోతోంది? టర్బో లేని, మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్‌లోని పీడనాన్ని కొలిచేది) ఉన్న ఇంజిన్‌లో దీనికి సగం జవాబు ఓబీడీ స్కానర్‌తోనే, అంటే ఇంజిన్ కంప్యూటర్ అంకెలను చదివే పరికరంతోనే, దొరుకుతుంది. ఇంజిన్ ఆపి, కీ ఆన్‌లో ఉంచి చూసినప్పుడు సెన్సర్ వాతావరణ పీడనాన్ని చూపిస్తుంది. సురక్షితమైన చోట, వీలైతే డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) మీద, థ్రాటిల్ (గాలిని నియంత్రించే మూత) పూర్తిగా తెరిచి గరిష్ఠ ఆర్‌పీఎం దగ్గర మళ్లీ చూడాలి. మొదటి అంకె 100 కిలోపాస్కల్‌లు, రెండోది 97 అనుకుంటే, ఎయిర్ ఫిల్టర్, దాని పైపు, థ్రాటిల్ బాడీ మూడూ కలిసి మింగేది 3 శాతమే. వాటిని ఎంత పెద్దవి చేసినా అంతకు మించి రాబట్టలేరు. రెండో అంకె 90 దగ్గర ఉంటే అసలు దోషం మానిఫోల్డ్‌ది కాకపోవచ్చు. ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు, పైపు నొక్కుకుపోయి ఉండవచ్చు. సెన్సర్ ఉండేది ప్లీనమ్‌లో కాబట్టి దాని తర్వాత రన్నర్‌లో, హెడ్ పోర్ట్‌లో (సిలిండర్ హెడ్‌లో వాల్వ్ దాకా ఉన్న దారిలో), వాల్వ్ దగ్గర జరిగే నష్టం దీనికి కనిపించదు. ఆ భాగాన్ని తేల్చడానికి ఫ్లో బెంచ్, అంటే భాగాల గుండా గాలిని పంపి ప్రవాహాన్ని కొలిచే పరికరం, కావాలి.

పోలిక కోసం ఒక మాట. సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో వాతావరణ పీడనం 95 కిలోపాస్కల్‌ల ప్రాంతంలో ఉంటుంది, విశాఖ తీరంలో 101. అంటే విశాఖ నుంచి హైదరాబాద్‌కు వచ్చిన బండి, ఎవరూ చెయ్యి పెట్టకుండానే, పైన చెప్పిన ఉదాహరణలో ఫిల్టర్, థ్రాటిల్ కలిసి మింగినదానికి రెట్టింపు గాలిని కోల్పోతుంది. మార్పుకు ముందు, తర్వాత తీసిన డైనో అంకెలను పీడనానికీ ఉష్ణోగ్రతకూ సరిచేయకుండా పక్కపక్కన పెట్టి మురిసిపోవడం ఎంత అర్థం లేని పనో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఫ్లో బెంచ్ వాడకంలోనూ ఒక మెలకువ ఉంది. ముందు హెడ్‌ను ఒంటరిగా, నోటికి గుండ్రటి ప్రవేశం పెట్టి, వాల్వ్‌ను వేర్వేరు ఎత్తులకు తెరిచి కొలవాలి. ఆ తర్వాత మానిఫోల్డ్ బిగించి అవే ఎత్తుల్లో మళ్లీ కొలవాలి. పరీక్ష పీడనంగా 28 అంగుళాల నీటి మట్టాన్ని వాడడం చాలాచోట్ల వాడుక. రెండు కొలతల మధ్య తేడా మానిఫోల్డ్ చేస్తున్న నష్టం. అది నాలుగు రన్నర్లలో ఒకేలా ఉందా, ఒకటి మిగతావాటి కంటే వెనకబడిందా అన్నది చూడటం మొత్తం అంకె కంటే విలువైన సమాచారం. బెంచ్ మీద గాలి ఎడతెగకుండా పారుతుందని, నడిచే ఇంజిన్‌లో అలలుగా కొట్టుకుంటుందని మరిచిపోకూడదు. బెంచ్ అడ్డంకిని చూపగలదు, కాలాన్ని చూపలేదు.

అడ్డంకుల్లో అతి తేలికగా తొలగేది రన్నర్ ప్రవేశం దగ్గరిది. పదునైన అంచుతో గోడకు సమానంగా తెరుచుకునే గొట్టం నోటి దగ్గర, గాలి కదలిక పీడనంలో సుమారు సగం నష్టమవుతుంది. గొట్టం ప్లీనమ్‌లోకి పొడుచుకువచ్చి ఉంటే నష్టం ఇంకా ఎక్కువ. అంచును గొట్టం వ్యాసంలో ఆరో వంతు నుంచి అయిదో వంతు వ్యాసార్ధంతో గుండ్రంగా, బెల్‌మౌత్‌లా మలిస్తే నష్టం కొద్ది శాతానికి దిగిపోతుంది. పైన లెక్కించిన 56 మీటర్ల వేగం దగ్గర కదలిక పీడనం దాదాపు 1.8 కిలోపాస్కల్‌లు కనుక, పదునైన అంచు 0.9 కిలోపాస్కల్ మింగుతుంది, గుండ్రటి అంచు 0.1 లోపే. లాభం ఒక శాతం కంటే తక్కువ. చిన్నదే కానీ, దీనికి బదులుగా కింది పరిధిలో ఏదీ పోదు. అందుకే నిర్మొహమాటంగా చేయదగిన పని ఇదొక్కటే అనిపిస్తుంది.

మానిఫోల్డ్ నోరూ హెడ్ పోర్ట్ నోరూ ఒకదానికొకటి సరిపోయేలా అరగదీయడం, అంటే పోర్ట్ మ్యాచింగ్, అందరికీ తెలిసిన పని, అందరూ తొందరపడే పని. పద్ధతి తేలిక: కలిసే ముఖాలకు మార్కింగ్ రంగు పూసి, ప్యాకింగ్‌ను గైడ్ పిన్నుల మీద సరిగ్గా కూర్చోబెట్టి, దాని అంచు వెంట సూదితో గీత గీస్తారు. గీతకు లోపలికి వచ్చిన లోహాన్ని డై గ్రైండర్‌కు కార్బైడ్ బర్ బిగించి తీస్తారు. పని చెడేది తొందరలో. ప్యాకింగ్ రంధ్రాన్ని కంపెనీ పోర్ట్ కంటే ఉద్దేశపూర్వకంగానే పెద్దది చేస్తుంది. రెండు వైపులా ఆ కొలతకు తెరిచేస్తే, మధ్యలో ఉబ్బి మళ్లీ ఇరుకయ్యే ఒక గది తయారవుతుంది. గాలికి అది కొత్త అడ్డంకి. నిజానికి తొలగించవలసినది ఒకే రకం మెట్టు: మానిఫోల్డ్ నుంచి వచ్చే గాలి హెడ్ అంచుకు ఎదురుగా తగిలేది. మానిఫోల్డ్ నోరు హెడ్ నోటి కంటే మిల్లీమీటరులో సగం చిన్నదిగా ఉంటే ముందుకు పోయే గాలికి పెద్ద ఇబ్బంది లేదు. వెనక్కి తన్నే ప్రవాహానికి ఆ మెట్టు కొంత అడ్డుగా కూడా నిలుస్తుంది. అరగదీసిన చోటును పోర్ట్‌లోకి 25, 30 మిల్లీమీటర్ల దాకా ఏటవాలుగా కలిపేయాలి. గోడ మందం తెలియకుండా లోతుకు పోతే కూలెంట్ దారికి చిల్లు పడుతుంది, ఆ హెడ్ ఇక పారేయవలసిందే.

గాజు నారతో బలపరిచిన నైలాన్ మానిఫోల్డ్‌లకు ఈ పని దాదాపు వర్తించదు. వాటి గోడలు పలుచన, లోపలి ముఖం అచ్చులోంచే నున్నగా వస్తుంది, ప్యాకింగ్ స్థానంలో గాడిలో కూర్చునే రబ్బరు సీల్ ఉంటుంది. ఆ గాడి అంచు అరిగితే మిగిలేది గాలి లీకు. ఇసుక అచ్చులో పోసిన పాత అల్యూమినియం మానిఫోల్డ్ సంగతి వేరు. లోపల పోత గీతలు, మిగులు లోహం ఉంటాయి, మలుపుల్లో చెయ్యి దూరదు. అలాంటివాటికి ఇసుకలాంటి రాపిడి రేణువులు కలిపిన చిక్కటి ముద్దను పీడనంతో దారంతా నెట్టే పద్ధతి ఉంది. 1998లో ఫోర్డ్ తన ఎస్‌వీటీ కాంటూర్ కారు 2.5 లీటర్ల వీ6 ఇంజిన్‌కు కర్మాగారంలోనే ఈ పద్ధతిని వాడింది. 170 హార్స్‌పవర్ ఇంజిన్ 195కు చేరింది, అయితే ఆ పెంపులో క్యామ్‌షాఫ్ట్‌లకూ కంప్రెషన్‌కూ వాటా ఉంది.

అద్దంలా మెరిసేలా నున్న చేయాలన్నది మరో మోజు. పోర్ట్‌లో ఇంజెక్టర్ ఉన్న ఇంజిన్‌లో, కార్బురేటర్ ఇంజిన్‌లో అయితే ఇంకా ఎక్కువగా, పెట్రోల్ కొంత గోడకు పొరలా అంటుకుంటుంది. కొద్దిపాటి గరుకుదనం ఆ పొర చిట్లి గాలిలో కలవడానికి సాయపడుతుంది. అందుకే ఇంధనం తగిలే భాగాన్ని 80 నంబరు ఎమెరీతో ఆపేయడం మంచిది. వాల్వ్‌కు ముందు పోర్ట్ నేల మీద ఉండే గడ్డల్లాంటి ఆకారాలనూ అనుమానంతో చూడకూడదు. వాటిలో కొన్ని సిలిండర్‌లో గాలికి సుడి పుట్టించడానికి పెట్టినవే. వాటిని చదును చేస్తే బెంచ్ మీద అంకె పెరుగుతుంది, ఇంజిన్‌లో మంట నెమ్మదిస్తుంది.

ప్లీనమ్ ఘనపరిమాణం ఎంత ముఖ్యమో స్పష్టంగా కనిపించేది విద్యార్థులు తయారుచేసే పందెం కార్లలో. ఫార్ములా స్టూడెంట్ నిబంధనల ప్రకారం పెట్రోల్ ఇంజిన్‌కు పోయే గాలి మొత్తం 20 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఒకే రెస్ట్రిక్టర్ (గాలిని కట్టడి చేసే ఇరుకు దారి) గుండా పోవాలి. కోయంబత్తూరు కారి స్పీడ్‌వేలో జరుగుతూ వస్తున్న ఫార్ములా భారత్ వంటి పోటీలకు వెళ్లే జట్లన్నీ ఎదుర్కొనే లెక్క ఇది. అంత ఇరుకు చోట గాలి ధ్వని వేగాన్ని అందుకుంటే, ఆపైన ఇంజిన్ ఎంత లాగినా సెకనుకు సుమారు 74 గ్రాములకు మించి గాలి రాదు. 600 సీసీల మోటార్‌సైకిల్ ఇంజిన్‌కు సగటున ఆ మొత్తం కావలసి వచ్చేది 12,500 ఆర్‌పీఎం ప్రాంతంలో, కాబట్టి కాగితం మీద ఇబ్బంది లేనట్టే ఉంటుంది. కానీ నాలుగు సిలిండర్లు వంతులవారీగా గుటకలు వేస్తాయి. ప్లీనమ్ చిన్నదైతే ప్రతి గుటకా నేరుగా రెస్ట్రిక్టర్‌ను తాకి, ఒక క్షణం దాన్ని గరిష్ఠానికి తెచ్చి మరుక్షణం ఖాళీగా వదిలేస్తుంది, సగటు పడిపోతుంది. ప్లీనమ్ పెద్దదైతే గుటకలను అది భరించి, రెస్ట్రిక్టర్ గుండా ప్రవాహాన్ని నిలకడగా సాగనిస్తుంది. దానికి మూల్యం థ్రాటిల్ స్పందన: పెడల్ తొక్కాక అంత పెద్ద డబ్బా నిండే దాకా ఇంజిన్ ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. రెస్ట్రిక్టర్ తర్వాత దారి ఎంత మెల్లగా విచ్చుకోవాలన్నదీ ఇక్కడ కీలకమే. కోణం ఎక్కువైతే గాలి గోడను వదిలేసి సుడులు తిరుగుతుంది, తిరిగి రావలసిన పీడనం రాదు.

రెస్ట్రిక్టర్ లేని మామూలు ఇంజిన్‌లో ప్లీనమ్‌కు సంబంధించి ఎక్కువగా కనిపించే లోపం పంపకంలోది. ఒక చివర థ్రాటిల్, నిలువునా ఒకే వెడల్పున్న ప్లీనమ్ ఉంటే, వేగంగా వచ్చిన గాలి మొదటి రన్నర్ నోటి పక్కనుంచి దాటిపోయి చివరి గోడకు కొట్టుకుని చివరి సిలిండర్‌ను ఎక్కువ నింపే ధోరణి ఉంటుంది. ఆ సిలిండర్‌కు అందరితో సమానంగా ఇంధనం పోస్తే మిశ్రమం అక్కడ పలుచనవుతుంది. టర్బో ఇంజిన్లలో పిస్టన్ కరిగిపోవడానికి ఇదీ ఒక కారణం కాగలదు. ప్లీనమ్‌ను చివరికి పోయేకొద్దీ సన్నగా చేయడం, లేదా థ్రాటిల్‌ను మధ్యకు మార్చడం దీనికి వాడుకలో ఉన్న చికిత్సలు.

డీజిల్ బండ్ల విషయంలో మార్పు గురించి మాట్లాడే ముందు మానిఫోల్డ్‌ను విప్పి చూడటం మంచిది. పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ ద్వారా వెనక్కి వచ్చే పొగ మసి, క్రాంక్‌కేస్ నుంచి వచ్చే నూనె ఆవిరితో కలిసి లోపలి గోడలకు తారులా పేరుకుంటుంది. లక్ష కిలోమీటర్లు దాటిన కామన్ రైల్ ఇంజిన్లలో దారి గణనీయంగా ఇరుకైపోయి ఉండటం మెకానిక్‌లకు కొత్త విషయం కాదు. దాన్ని శుభ్రం చేయించడం వల్ల తిరిగి వచ్చే గాలి, కొత్త మానిఫోల్డ్‌ను అరగదీసి సాధించేదానికంటే ఎక్కువగా ఉంటుంది. వేడి కూడా ఇలాంటిదే. గాలి సాంద్రత పరమ ఉష్ణోగ్రతకు విలోమం కాబట్టి, 27 డిగ్రీల గాలి మానిఫోల్డ్‌కు చేరేసరికి 37 డిగ్రీలైతే 3 శాతానికి పైగా పోతుంది. పైకి ఎంతో ఆకర్షణీయంగా కనిపించే మూత లేని కోన్ ఫిల్టర్‌ను రేడియేటర్ వెనక బిగిస్తే, తగ్గిన అడ్డంకి ఇచ్చినదాన్ని వేడి గాలి తినేస్తుంది. ఎండాకాలం రామగుండంలో అయితే వడ్డీతో సహా.

ఏ మార్పు చేసినా ఈసీయూకు (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు) ఆ సంగతి తెలియాలి. మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న ఇంజిన్ వచ్చిన గాలిని నేరుగా కొలుస్తుంది కనుక కొంతవరకు తనే సర్దుకుంటుంది. మ్యాప్ సెన్సర్ మీద ఆధారపడేది, ఏ ఆర్‌పీఎం, ఏ పీడనం దగ్గర సిలిండర్ ఎంత నిండుతుందో ముందే రాసి ఉంచిన పట్టిక ప్రకారం ఇంధనం పోస్తుంది. రన్నర్ పొడవు మారితే ఆ పట్టిక అబద్ధమవుతుంది. పూర్తి థ్రాటిల్‌లో ఆక్సిజన్ సెన్సర్ సవరణ సాధారణంగా పని చేయదు కాబట్టి, గాలి ఎక్కువగా వచ్చిన ఆర్‌పీఎం పరిధిలోనే మిశ్రమం పలుచనై నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) మొదలవుతుంది. వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ పెట్టి, పెట్రోల్‌కైతే గాలి-ఇంధన నిష్పత్తిని పూర్తి లోడ్ దగ్గర 12.5 నుంచి 13 మధ్య చూసుకుంటూ ఆ పట్టికను తిరిగి రాయించాలి. దీనికయ్యే ఖర్చు చాలాసార్లు మానిఫోల్డ్ పని ఖర్చును మించుతుంది, లెక్కలో అది మొదటే ఉండాలి. రోడ్డు మీద తిరిగే బండి అయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా చూసుకోవాలి: రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని అది నిషేధిస్తుంది. ఉద్గారాల పరీక్షలో నెగ్గడం దానికి వేరుగా ఉన్న షరతు. ఈజీఆర్‌ను మూసేసి, గాలికి సుడి పుట్టించే స్విర్ల్ ఫ్లాపులు పీకేసిన మానిఫోల్డ్ బీఎస్-6 బండి మీద ఉంటే డ్యాష్‌బోర్డులో ఇంజిన్ లైటు వెలిగే అవకాశమే ఎక్కువ.